రాత్రికి రాత్రే పంపేయకండి

ఊరూరా ఉన్న ఉత్సవ కమిటీల ప్రెసిడెంట్లకూ సెక్రటరీలకూ, చందా పుస్తకం పట్టుకుని గడపగడపా తిరిగే కుర్రాళ్లకూ నమస్కారం.

నేను తెనాలి వైపు మనిషిని. ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయిస్తాను. డ్రమ్స్ పక్కన, లైటు సరిగ్గా పడని మూల నా చోటు. మీ ఊరికి వచ్చి వెళ్లినా మీరు నన్ను గమనించి ఉండరు. గమనించినవాళ్లు అడిగేది ఒకటే: "గిటార్‌కి ఆరు తీగలుండాలి కదండీ, మీదానికి నాలుగే ఉన్నాయేం?" చవితి పందిళ్లకు రాటలు పాతే రోజులు దగ్గరపడుతున్నాయి. ఆర్కెస్ట్రా నిర్వాహకుల ఫోన్లు మోగడం మొదలైంది. బేరం కుదిరిపోయాక రాస్తే ఉపయోగం ఉండదని ఇప్పుడే రాస్తున్నాను.

మీ ఫోన్ ఎలా నడుస్తుందో మాకు కంఠతా వచ్చు. ఎంతమంది వస్తారు, లేడీ సింగర్లు ఎందరు, యాంకర్ ఉందా, కొత్త సినిమా పాటలు పడతాయా, చివరికి ఎంత. ఆ ఎంత దగ్గర ఓ పావుగంట లాగుడు. తెగాక అడ్వాన్సు ఫోన్లోనే పడిపోతుంది. ఎప్పుడు బయల్దేరతారు, ఎందులో వస్తారు, ప్రోగ్రాం అయ్యాక ఎక్కడ పడుకుంటారు అన్నవి మాత్రం ఆ మాటల్లో రావు. మా నిర్వాహకుడూ ఆ మాట ఎత్తడు. ఎత్తితే రేటు పెంచడానికి అనుకుని మీరు పక్క ఆర్కెస్ట్రాకి ఫోన్ కలుపుతారని ఆయన భయం.

మీ లెక్కలో మాది మూడు గంటల పని. పలాస దగ్గర ఏదో ఊళ్లో ప్రోగ్రాం ఉందనుకోండి. తెనాలి నుంచి ఐదు వందల కిలోమీటర్ల పైమాటే. సాయంత్రం ఐదింటికల్లా బాక్సులు దించి బ్యాలెన్సింగ్ చూసుకోవాలంటే కోడి కూయకముందే వ్యాన్ కదలాలి. పదహారో నంబరు హైవే మీద మా బతుకు సగం గడిచింది. ఆ ప్రయాణం అంతా కష్టమేనని చెబితే అబద్ధమవుతుంది. అన్నవరం దగ్గర రోడ్డు పక్కన ప్రసాదం కౌంటర్ కనపడితే ఆగకుండా ముందుకు పోయే ఆర్కెస్ట్రా వ్యాన్ నేను చూడలేదు. కొత్త పాటలు మేం నేర్చుకునేది కూడా వ్యాన్లోనే. మీ కుర్రాళ్లు ముందు రోజు రాత్రి ఫోన్ చేసి, నిన్నగాక మొన్న వచ్చిన పాట కావాల్సిందే అంటారు. కీబోర్డ్ వాయించేవాడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చరణానికి ముందొచ్చే బిట్లు ఒక్కొక్కటీ విని కాగితం మీద గీకుతాడు. సింగరమ్మాయి స్కేలు ఒక మెట్టు దించమంటుంది. తబలా ఆయన ముందు సీటు వీపు మీద నడక వాయించి చూపిస్తాడు. నేను వాద్యం తీయకుండానే, తొడ మీద వేళ్లాడిస్తూ నా వంతు కట్టుకుంటాను. తుని దాటేసరికి పాట ఒక రూపానికి వస్తుంది. సాయంత్రం మీ ఊళ్లో ఈలలు పడేది ఆ పాటకే.

ఊళ్లో దిగగానే నా కళ్లు వెతికేది ఎర్తు కోసం. పందిరికి కరెంటు ఎక్కడి నుంచి వస్తోందో చూస్తాను. చాలాచోట్ల స్తంభానికి కొక్కెం తగిలించిన వైరే ఉంటుంది. నా ఆంప్లిఫయర్ ఒక లైను మీద, మైకు సెట్టు ఇంకో లైను మీద ఉండి ఎర్తు లేకపోతే ఏమవుతుందో చెబుతాను. ఎడమ చెయ్యి తీగల మీద ఉంటుంది. కోరస్ అందుకుందామని మైకు దగ్గరికి మూతి పెడతాను. పెదవి మీద చురుక్కుమంటుంది. కొన్ని రాత్రులు అది చురుక్కుతో ఆగదు, తల వెనక్కి విసిరేసినట్టవుతుంది. జనం నేను ఊగిపోతూ వాయిస్తున్నాననుకుని చప్పట్లు కొడతారు. అందుకని మా పెట్టెలో టెస్టరూ, మైకుకి తొడిగే స్పాంజి తొడుగులూ ఎప్పుడూ ఉంటాయి. ఉప్పు, బొగ్గు వేసి గొయ్యి తీసి ఎర్తు కడ్డీ దింపడం ఊళ్లో ఏ ఎలక్ట్రీషియన్‌కైనా పెద్ద పనేం కాదు. లడ్డూ వేలంలో లక్షలు పాడే ఊళ్లో కూడా ఆ గొయ్యి ఉండదు.

వోల్టేజి పడిపోవడం ఇంకో తమాషా. కీబోర్డు ఒక్కసారి కన్ను మూసి తెరిస్తే అప్పటిదాకా పెట్టుకున్న టోన్లన్నీ పోయి మొదటి పియానో దగ్గరికొచ్చి కూర్చుంటుంది. అది మళ్లీ లేచేదాకా పాటను మోసేది ఢోలక్ ఒక్కటే. మైకు కూడా పోయిందా, గాయకుడు గొంతు చించుకుంటాడు.

ఇక మొదలయ్యే వేళ. కరపత్రంలో రాత్రి ఏడు గంటలకు అని ఉంటుంది. ఏడింటికి కుర్చీలు వేస్తుంటారు. ఎనిమిదింటికి ముఖ్య అతిథి దారిలో ఉన్నారంటారు. ఆయనొచ్చాక శాలువాలు, దాతల పేర్లు చదవడం, ఒక పేరు తప్పిపోతే అలకలు, మళ్లీ చదవడం. తొమ్మిదిన్నరకు మొదటి దేవుడి పాట ఎత్తుకుంటాం. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు 2000లో వచ్చాయి. వాటి ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకులు మోగకూడదు. పండగల కోసం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 దాకా సడలించే వీలు రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. 2005లో సుప్రీంకోర్టు కూడా ఈ నిబంధనలను గట్టిగా నిలబెట్టింది. ఇదంతా మీకు తెలుసు, పర్మిషన్ కాగితం మీ జేబులోనే ఉంటుంది. అయినా మేం గడియారం చూస్తే "పోలీసుల సంగతి మేం చూసుకుంటాం, మీరు కానివ్వండి" అంటారు. జీపు వచ్చినప్పుడు మైకు ముందు నిలబడి ఉండేది మా గాయకుడు. ఎస్సై గారు తిట్టేది ఆయన్నే, చూసుకుంటామన్న పెద్దమనిషి అప్పటికి పందిరి వెనక్కి వెళ్లి ఎవరితోనో ఫోన్లో ఉంటాడు.

ఆడపిల్లల సంగతి రాయకపోతే ఈ ఉత్తరం సగమే అవుతుంది. మాతో వచ్చే గాయనులు మధ్యాహ్నం నుంచి మంచినీళ్లు తాగరు. ప్రోగ్రాం దగ్గర బాత్రూం ఉండదని వాళ్లకు తెలుసు. నీళ్లు తాగకుండా మూడు గంటలు పాడితే గొంతు ఏమవుతుందో పాడేవాళ్లకే తెలుస్తుంది. చీర మార్చుకోవడానికి స్టేజీ వెనక నాలుగు కర్రలకు దుప్పటి కడతారు, దాని చుట్టూ సెల్‌ఫోన్లు పట్టుకున్న పిల్లకాయలు తిరుగుతుంటారు. పందిరి పక్కనే ఉన్న ఇంటావిడ ఎవరైనా "అమ్మా, మా ఇంట్లోకి రండి" అని పిలిస్తే ఆ రాత్రి మా పాటలు వేరుగా ఉంటాయి. ఇలా పిలిచిన తల్లులు చాలా ఊళ్లలో ఉన్నారు. ఆ ఏర్పాటు కమిటీ తరఫున ముందే జరిగి ఉంటే ఎంత బాగుంటుందో మీ ఇళ్లలో ఆడవాళ్లను అడిగి చూడండి.

ప్రోగ్రాం ఏ ఒంటిగంటకో ముగుస్తుంది. వైర్లు చుట్టాలి, బాక్సులు ఎక్కించాలి. భోజనం చల్లారిన పులిహోర, అడుగంటిన సాంబారు. బాకీ డబ్బు కోసం మా నిర్వాహకుడు మీ కోశాధికారిని వెతుక్కుంటూ చీకట్లో తిరుగుతుంటాడు. ఇవన్నీ ఎలాగో గడిచిపోతాయి. ఆ తర్వాత మీరు చేయి ఊపి "జాగ్రత్తగా వెళ్లిరండి" అంటారు చూడండి, నేను ఈ ఉత్తరం రాస్తున్నది ఆ మాట గురించే.

జాగ్రత్తగా ఎలా వెళ్లాలి? వ్యాన్ తోలే కుర్రాడు ముందు రోజు కోడికూతకు స్టీరింగ్ పట్టుకున్నవాడు. ప్రోగ్రాం జరుగుతున్నంతసేపూ బాక్సుల పక్కన పడుకున్నాడనే అనుకుందాం. స్టేజీ పక్కన, ఆ శబ్దంలో ఎవరికి నిద్ర పడుతుంది? మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే వచ్చింది, డ్రైవర్‌కి రోజుకు ఎనిమిది గంటల పని అని అప్పుడే చెప్పింది. ఒక్క వ్యాన్ కొనుక్కుని కిస్తీలు కట్టుకుంటున్న మా డ్రైవర్ని ఆ చట్టం ఎక్కడ పట్టించుకుంది? తెల్లవారుజామున రెండింటికీ ఐదింటికీ మధ్య ఒళ్లు నిద్ర అడుగుతుంది, ఎంత అలవాటున్నవాడికైనా అంతే. ముందు సీట్లో కూర్చున్నవాడి డ్యూటీ డ్రైవర్‌తో మాట్లాడుతూ ఉండటం. మా బృందంలో ఆ సీటు వంతులవారీగా తిరుగుతుంది. నా వంతు వచ్చినప్పుడు పాత సినిమాల కథలు మొదటి నుంచి చెబుతాను. ఇంటర్వెల్ దాకా వచ్చేసరికి వెనకున్నవాళ్లందరూ గుర్రు పెడుతుంటారు. మన దేశంలో 2022 ఒక్క ఏడాదిలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో వాద్యకారులు ఎందరో విడిగా రాయరు.

ఇంకో సంగతి మీలో చాలామందికి తెలియకపోవచ్చు. డబ్బు మిగులుతుందని మీరు రేటు కోసే కొద్దీ మా నిర్వాహకుడు రెండో బండి మానేస్తాడు. అప్పుడు మేమూ సామానూ ఒకే గూడ్సు వ్యాన్లో. బాక్సుల మీద పరుపు పరిచి, ఆ పరుపు మీద మేం. గూడ్సు బండిలో ఊరికే ఎక్కిన మనుషులకు ఇన్సూరెన్స్ కంపెనీ నష్టపరిహారం కట్టక్కర్లేదని సుప్రీంకోర్టు 2002లోనే తేల్చేసింది. సరుకు యజమానికి, లేదా ఆయన తరఫున వచ్చిన మనిషికి చట్టంలో రక్షణ ఉంది. మరి ఒక్క మిక్సరుకి ఎనిమిదిమంది యజమానులమని చెబితే ఏ కోర్టు నమ్ముతుంది? బండి బోల్తా పడితే సామానుకి బీమా ఉండొచ్చు, సామాను మీద పడుకున్నవాడికి ఉండదు. ఏడాదికి 20 రూపాయలు కడితే 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది, బ్యాంకు ఖాతా ఉండి 18 నుంచి 70 ఏళ్ల మధ్య ఉన్న ప్రతివాడూ కట్టొచ్చు. మావాళ్లందరి చేతా అది కట్టించే పని మాది, మీ మీద పెట్టను. కానీ కుటుంబం నడిచేది 2 లక్షలతో కాదు కదా.

ఊళ్లు తిరిగే బతుకు మాతో మొదలవలేదు. 1885లో కడప జిల్లాలో పుట్టిన సురభి నాటక సమాజం కుటుంబాలతో సహా తిరిగింది. పిల్లలు, వంటసామాను, తెరలు అన్నీ వెంట ఉండేవి. ఒక ఊళ్లో పాక వేస్తే నెలల తరబడి అక్కడే కాపురం. ఇళయరాజా గారు పద్నాలుగేళ్ల వయసులో అన్న పావలర్ వరదరాజన్ బృందంతో దక్షిణాది ఊళ్లన్నీ తిరగడం మొదలుపెట్టారు. మద్రాసు చేరాక బాలు గారి బృందంలో వాయించారు, తమ్ముడు గంగై అమరన్, అన్న భాస్కర్ కూడా అందులోనే. కచేరీల రోడ్డు ఎంత పెద్ద బడో ఇంతకంటే చెప్పక్కర్లేదు.

అయితే పాతరోజుల్లో ఒక వెసులుబాటు ఉండేది. పద్యనాటకం తెల్లవార్లూ ఆడేవారు. యుద్ధం ముగిసి మంగళం పాడేసరికి తూర్పు తెల్లబడేది. హార్మోనిస్టు పెట్టె మూసి, కాలవ గట్టు మీద మొహం కడుక్కుని, మొదటి బస్సెక్కి నిద్రపోయేవాడు. బస్సు తోలేవాడు రాత్రి ఇంట్లో పడుకుని లేచినవాడు. ఆ తరం వాళ్లు మాకిప్పటికీ చెబుతుంటారు, నాటకం కంటే బస్సులో నిద్రే బాగుండేదని. ఇప్పుడు ఆట పొద్దుపోయి మొదలై, తెల్లారడానికి చాలా ముందే ముగుస్తోంది. పది గంటలకు ముగిస్తే ఇంటికి పోవచ్చు. తెల్లారి ముగిస్తే బస్సెక్కొచ్చు. ఒంటిగంట ఎందుకూ పనికిరాని వేళ. ఆ వేళకి మమ్మల్ని రోడ్డు మీదికి తోసే అలవాటు ఎవరు మొదలుపెట్టారోగానీ, అందరం దానికి అలవాటు పడిపోయాం. శివరాత్రికి కోటప్పకొండ దగ్గర విద్యుత్ ప్రభల మీద ఆడీపాడీ వచ్చే బృందాలకు మాత్రం ఇప్పటికీ జాగారం పుణ్యమా అని తెల్లారేదాకా పనుంటుంది, వెలుగులోనే ఇంటికొస్తారు. ఆ ఒక్క రాత్రి విషయంలో నాకు శివుడి మీద ప్రత్యేకమైన భక్తి.

మావైపు తప్పులు లేవా అంటే ఉన్నాయి. నవరాత్రుల్లో ఒక రాత్రి ఇచ్ఛాపురం, మర్నాడు రాత్రి నంద్యాల ఒప్పుకునే నిర్వాహకులు ఉన్నారు. అత్యాశ అని తేలిగ్గా అనేయొచ్చు. పంచాంగం చూడండి. ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు, పుష్యంలో లేవు, మూఢం వస్తే నెలల కొద్దీ లేవు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టాక రెండు పండగ సీజన్లు తుడిచిపెట్టుకుపోయాయి, డ్రమ్స్ అమ్ముకుని కూరగాయల బండి పెట్టుకున్నవాళ్లను నేనెరుగుదును. చవితి నుంచి దసరా దాకా వచ్చిన డబ్బుతో మిగతా నెలలు నెట్టుకురావాలి. అందుకని డేటు వదులుకోలేరు. ఈ వాదన నాకూ అర్థమవుతుంది. అయినా ఒప్పుకోను. రెండు డేట్ల మధ్య నిద్ర లేకుండా ఒప్పుకున్న ప్రోగ్రాం వల్ల మీ ఊరికీ నష్టమే. రెండో రాత్రి మీకు వినపడేది అలిసిపోయిన చేతుల వాయింపు.

ఇంత గొడవ ఎందుకు, పెన్‌డ్రైవ్‌లో ట్రాకులు తెచ్చుకుని ఇద్దరు పాడితే సరిపోతుంది కదా అని మీలో కొందరు ఇప్పటికే అనుకుంటున్నారు. పెన్‌డ్రైవ్‌కి నిద్ర అక్కర్లేదు, నిజమే. పన్నెండుమంది వాద్యకారులు ఉండాల్సిన స్టేజీ మీద ఇప్పుడు ఐదుగురం మిగిలాం, తబలా కొన్ని బృందాల్లో పోయింది, వయొలిన్ ఎప్పుడో పోయింది. కానీ ఒక ముసలాయన ముందు వరసలోకొచ్చి చీటీ ఇచ్చి, ఎప్పటిదో పాట పాడమని అడిగినప్పుడు, గాయకుడికి రెండు చరణాల మధ్య గొంతు పట్టేసినప్పుడు, ట్రాకు ఆగదు, చూసుకోదు. మేమైతే ఆగుతాం. గాయకుడు ఊపిరి తీసుకునేదాకా అదే బిట్టు ఇంకో చుట్టు తిప్పుతాం.

కోనసీమలో ఒక ఊరుంది, పేరు చెబితే మిగతా ఊళ్లు నొచ్చుకుంటాయి. అక్కడి సెక్రటరీ రిటైరైన బడిపంతులు. ఏడంటే ఏడింటికి మొదలుపెట్టించాడు. ఎనిమిదిన్నరకు వచ్చిన ముఖ్య అతిథికి పాట ఆపకుండానే, పల్లవికీ చరణానికీ మధ్య దండ వేయించి కూర్చోబెట్టాడు. పదికి ఐదు నిమిషాలుండగా వచ్చి నా పక్కన నిలబడి చేతి గడియారం చూపించాడు. సామాను రాత్రి పందిట్లోనే ఉంచమని ఇద్దరు కుర్రాళ్లను కాపలా పెట్టాడు. మాకు బడి తాళాలు తీయించాడు. జంపఖానాలు, రెండు ఫ్యాన్లు, బకెట్ల నిండా నీళ్లు, ఆడవాళ్లకు వేరే గది. పొద్దున్నే ఉప్మా. వ్యాన్ తోలేవాడు నిద్ర లేచిందాకా ఎవరూ లేపకూడదని హుకుం. ఇందుకు కమిటీకి ఎంత ఖర్చయిందని అడిగితే, ఉప్మారవ్వ ఖరీదు చెప్పాడు.

అందరూ ఆ పంతులుగారిలా ఉండాలని అడగను. నేను అడిగేది చిన్నది. బేరం మాట్లాడే ఫోన్లోనే పడక సంగతి కూడా మాట్లాడండి. కల్యాణ మండపమో, రామాలయం పక్కన సత్రమో, బడి గదో, ఏదో ఒకటి మీ ఊళ్లో ఉంటుంది. తాళం ఎవరి దగ్గరుందో, బాత్రూం ఎటుందో ముందే చెప్పండి. ముఖ్య అతిథి ఎప్పుడొచ్చినా పాట వేళకి మొదలవనివ్వండి. బాకీ డబ్బు మధ్యలో ఇప్పించేయండి, చివర్లో చీకట్లో వెతుకులాట ఉండదు. ఎర్తు గొయ్యి ఒకటి తీయించండి.

మా నిర్వాహకుడితో మేం వాద్యకారులం, సింగర్లం కూర్చుని ఇప్పటికే ఒక మాట అనుకున్నాం. ఈ సీజన్లో ఆయనకు ఫోన్ చేసినప్పుడు రేటు చెప్పాక ఆగి, "రాత్రికి మావాళ్లకు గది ఉంటుందా, పదింటికి వదులుతారా?" అని అడుగుతాడు. రెండిట్లో ఏ ఒక్కదానికి అవునన్నా వస్తాం, తెల్లారాక బయల్దేరతాం లేదా పదిన్నరకు బయల్దేరతాం. రెండూ కుదరవంటే ఆ డేటుకి ఇంకెవరినైనా చూసుకోమని మర్యాదగా చెబుతాడు. పక్క ఆర్కెస్ట్రాల వాళ్లతోనూ మాట్లాడుతున్నాం, కొందరు ఒప్పుకున్నారు, కొందరు నవ్వారు. కాబట్టి మీకు ఇంకెవరో దొరకరనేమీ కాదు. దొరికినా, వాళ్లను కూడా ఆ గది సంగతి అడగండి.

ఇట్లు,
నాలుగు తీగల గిటార్ మనిషి